పన్నెండో పేరు

పిల్లలూ! ఫుట్‌బాల్ పోటీల కాలం వచ్చేముందు ప్రతి జట్టూ ఒక జాబితా తయారుచేస్తుంది. పెద్ద పెద్ద క్లబ్బులు ఆ జాబితాను పత్రికలకు పంపిస్తాయి. మీ బడిలో అయితే డ్రిల్లు మాస్టారు ఒక కాగితం మీద పేర్లు రాసి నోటీసు బోర్డుకు అంటిస్తారు. దాన్ని చూడటానికి మీరంతా ఒకరిమీద ఒకరు పడతారు. మొదటి పదకొండు పేర్లలో తమ పేరు ఉన్నవాళ్ళు గంతులు వేస్తారు. కింద ఉన్నవాళ్ళు మెల్లగా పక్కకు తప్పుకుంటారు. ఆ తరువాత ఆ కాగితం వంక ఎవరూ చూడరు.

కాని, రాబోయే పోటీల్లో ఆ జట్టు ఏమాత్రం నిలుస్తుందో తెలుసుకోవాలంటే జాబితాను కిందినుంచి పైకి చదవాలి. పన్నెండో పేరు ఎవరిది? పదమూడో పేరు ఎవరిది? వాళ్ళు ఎవరెవరి చోట ఆడగలరు? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పలేని జట్టు మొదటి రెండు ఆటలూ బ్రహ్మాండంగా గెలవవచ్చు. మూడో ఆటకు ఎవరికో ఒకరికి జ్వరం వస్తుంది.

మా కృష్ణపట్నం నెల్లూరు జిల్లాలో సముద్రపు ఒడ్డున ఉన్నది. 2008లో ఇక్కడ పెద్ద ఓడరేవు వచ్చింది. అంతకు ఎంతో ముందునుంచీ ఈ తీరాన చేపల వేట సాగుతూనే ఉన్నది. వేటకు పోయే పడవలో ఎవరి పని వారికి ఉంటుంది. ఒకడు ఇంజను చూస్తాడు, ఒకడు పడవ నడుపుతాడు, తక్కినవాళ్ళు వల సంగతి చూస్తారు. ఇంజను చూసేవాడు ఒకనాడు రాలేకపోయాడనుకోండి. ఆ పని తెలిసిన రెండోవాడు పడవలో ఉంటే పడవ కదులుతుంది. లేకపోతే ఎంతమంది కండలు తిరిగినవాళ్ళు ఉన్నా ఒడ్డునే కూచోవాలి. ఫుట్‌బాల్ జట్టు కూడా ఇలాంటిదే.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం. లెక్క అనగానే పేజీ తిప్పేయకండి. చింతగింజలతో ఆడుకునే లెక్క ఇది.

పది చింతగింజలు తీసుకుని ఒకదానికి సున్నం పూయండి. అన్నిటినీ ఒక చెంబులో వేసి, కళ్ళు మూసుకుని ఒక గింజ తీయండి. అది మీ జట్టులో మొదటి ఆటగాడు. నల్లగింజ వస్తే అతను ఆటకు వచ్చినట్టు. తెల్లగింజ వస్తే రానట్టు - కాలు బెణికిందో, జ్వరం వచ్చిందో, మేనమామ పెళ్ళికి వెళ్ళాడో మీ ఇష్టం. గింజను మళ్ళీ చెంబులో వేసి కలిపి, రెండో ఆటగాడికి తీయండి. ఇలా పదకొండుసార్లు తీయాలి. పదకొండుసార్లూ నల్లగింజే వస్తే ఆనాడు మీ జట్టు పూర్తిగా ఉన్నట్టు లెక్క.

ఒక్కొక్కరు పదిసార్లలో తొమ్మిదిసార్లు వచ్చేవాళ్ళే కదా, జట్టు కూడా పదిసార్లలో తొమ్మిదిసార్లు పూర్తిగానే ఉంటుందని మీలో చాలామంది అనుకుంటారు. గింజలు తీసి చూడండి. మూడుసార్లు ఉంటే గొప్ప! కారణం ఏమంటే, 0.9ని 0.9తో పదకొండుసార్లు వచ్చేలా గుణించాలి. మొదటి ఇద్దరూ వచ్చే అవకాశం 0.81. నలుగురూ వచ్చే అవకాశం 0.66. ఎనిమిదిమంది దాకా పోతే 0.43కు పడిపోతుంది. పదకొండుమందీ వచ్చే అవకాశం 0.31. అంటే 22 ఆటలు ఆడవలసిన జట్టుకు తన అసలు పదకొండుమందీ దొరికేది సుమారు ఏడు ఆటల్లోనే! తక్కిన పదిహేను ఆటల్లో పన్నెండో పేరో, పదమూడో పేరో మైదానంలోకి దిగవలసిందే.

ఇప్పుడు ప్రతి చోటుకూ ఒక రెండోవాడు ఉన్నాడనుకోండి. అతనూ పదిసార్లలో ఒకసారి రాడు. ఇద్దరూ ఒకేనాడు రాకపోవటం నూటికి ఒక్కసారే జరుగుతుంది. అప్పుడు పదకొండు చోట్లూ నిండే అవకాశం నూటికి 89 దాకా పెరుగుతుంది. 31 ఎక్కడ, 89 ఎక్కడ!

అయితే పదకొండుకు రెండింతలు, ఇరవైరెండుమందిని తేవటం చిన్న బడికి సాధ్యమా? కాదు. క్లబ్బులకైతే డబ్బు ఖర్చు. అందుకనే తెలివైన శిక్షకుడు రెండు మూడు చోట్ల ఆడగల కుర్రవాళ్ళను ఏరుకుంటాడు. ఈ విద్యలో ఆరితేరిన ఒక బడిపంతులు మన హైదరాబాదులోనే ఉండేవాడు.

ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నాడు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పిల్లలకు పాఠాలు చెప్పాడు. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడైనాడు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది! ఒక ఏడు గెలవటం అదృష్టం కావచ్చు. అయిదేళ్ళు అదృష్టం ఉండదు. ఈలోగా కొందరి కాళ్ళు నొస్తాయి, కొందరికి వయసు మీరుతుంది. వాళ్ళ చోట్లలోకి వచ్చే కుర్రవాళ్ళను ఎవరో ఒకరు ముందే తయారుచేసి ఉంచాలి.

రహీం అందుకు చేసిన పనులు వింటే మీకు సరదా వేస్తుంది. ఆయన పిల్లలకు విచిత్రమైన పోటీలు పెట్టేవాడు. ఒక పోటీలో బంతిని కాలితో దొర్లించుకుంటూ ఒంటరిగా పరిగెత్తకూడదు. వెంటనే పక్కవాడికి అందించాలి. మరొక పోటీలో వాటం లేని కాలితోనే బంతి తన్నాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమ కాలితో, ఎడమకాలి వాటం ఉన్నవాడు కుడికాలితో! చూసేవాళ్ళు నవ్వి ఉంటారు. కాని దీని లోపలి లెక్క చూడండి. కుడికాలు మాత్రమే ఆడేవాడు కుడిపక్కకే పనికివస్తాడు. రెండుకాళ్ళూ ఆడేవాడు రెండుపక్కలా పనికివస్తాడు. ఒక్కరూపాయి ఖర్చు లేకుండా జాబితాలో ఒక పేరు రెండు పేర్లు అయింది. అలాగే, బంతిని తన దగ్గరే ఉంచుకునే అలవాటు లేనివాడు ఏ జట్టులో ఏ చోట పెట్టినా తొందరగా ఇమిడిపోతాడు. నా ఉద్యోగమంతా చాక్‌పీసుతోనే గడిచింది గనక చెబుతున్నాను - ఇంత చవకగా ఇంత మంచి పాఠం చెప్పిన మాస్టర్లు అరుదు.

సికింద్రాబాదు పక్కన అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అనే పేద కుర్రవాడు ఉండేవాడు. రహీం అతని ఆట చూసి, హైదరాబాదు వచ్చి సాధన చెయ్యమన్నాడు. వచ్చేందుకు డబ్బు లేదన్నాడు ఆ కుర్రవాడు. అద్దె సైకిలుకు రహీమే డబ్బు ఇచ్చాడు. ఆ సైకిలు కుర్రవాడే 1956లో భారతదేశం తరఫున మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళాడు!

ఆ ఒలింపిక్స్ సంగతి చెప్పుకోవాలి. అంతకు నాలుగేళ్ళ ముందు, 1952లో, హెల్సింకీలో మనవాళ్ళు యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయారు. ఆ చలిలో మనవాళ్ళలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. రహీం బెంబేలు పడలేదు. మనవాళ్ళు బూట్లు తొడుక్కోవటం నేర్చుకున్నారు. కొత్త కుర్రవాళ్ళు వచ్చారు. 1956లో మన జట్టు ఆస్ట్రేలియాను వాళ్ళ దేశంలోనే 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోళ్ళు కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా దేశం మనదే. చివరకు నాలుగో స్థానం వచ్చింది. ఆ జట్టులో బలరాం, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహమ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్ - ఇలా హైదరాబాదువాళ్ళు ఎందరో ఉన్నారు. పోలీసు జట్టుకని తయారైన రెండో పేర్లూ మూడో పేర్లూ దేశానికే అక్కరకు వచ్చాయి.

అసలు పరీక్ష 1962లో జకార్తాలో వచ్చింది. ఆసియా క్రీడల మొదటి ఆటలోనే మనవాళ్ళు దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడారు. రెండో ఆటలో థాయ్‌లాండును 4-1తో గెలిచారు గాని, రక్షణకు మూలస్తంభమైన జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. పొడగరి గోలీ పీటర్ తంగరాజ్‌కు ఫ్లూ జ్వరం తగిలింది. ఈలోగా రాజకీయ కారణాలవల్ల అక్కడి జనానికి మనవాళ్ళమీద కోపం వచ్చింది. మైదానం నిండా కేకలే!

రహీం స్థానంలో మీరు ఉంటే ఏం చేసేవారు? పుస్తకం ఇక్కడ కాసేపు మూసి ఆలోచించండి.

రహీం చేసింది ఇది. గోలు కాయటానికి ప్రద్యోత్ బర్మన్ అనే రెండో గోలీ ఉన్నాడు, అతన్ని దింపాడు. కుట్లు ఉన్న తలతో జర్నైల్ సింగ్ వెనక రక్షణలో నిలబడితే ప్రతి ఎత్తు బంతికీ తల ఒడ్డాలి. అందుచేత అతన్ని ముందుకు పంపి సెంటర్ ఫార్వర్డుగా ఆడించాడు! మరి వెనక ఖాళీ అయిన చోటు? దాన్ని కాయటానికి అరుణ్ ఘోష్ ఉన్నాడు. ఈ మూడో మాట గమనించండి. జర్నైల్‌ను ముందుకు పంపటం గొప్ప ఎత్తు అని అందరూ మెచ్చుకుంటారు. అరుణ్ ఘోష్ లాంటివాడు జాబితాలో లేకపోతే ఆ ఎత్తు వేయటానికే వీలుండేది కాదు.

సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంను 3-2తో గెలిచారు. జర్నైల్ ఒక గోలు కొట్టాడు. సెప్టెంబరు 4న ఫైనల్. ఎదుటివాళ్ళు మళ్ళీ దక్షిణ కొరియావాళ్ళే. తంగరాజ్ లేచి వచ్చి గోలులో నిలబడ్డాడు. పి.కె. బెనర్జీ ఒక గోలు, కుట్ల తల జర్నైల్ ఒక గోలు కొట్టారు. 2-1తో బంగారు పతకం మనది! ఆ మరుసటి ఏడు, 1963 జూన్ 11న, రహీం క్యాన్సర్ వ్యాధితో చనిపోయాడు. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్ళీ బంగారు పతకం రాలేదు. పంతులుగారి చోటుకు రెండో పేరు దొరకలేదు.

ఇది చదివి కొందరికి మనసులో ఒక ప్రశ్న మిగులుతుంది. దాన్ని మా ఊరి కుర్రవాడు ఒకడు నన్ను సూటిగానే అడిగాడు. "అంతా బాగానే ఉంది సార్. జట్టుకు పన్నెండోవాడు కావాల. మరి ఆ పన్నెండోవాడికి ఏం కావాల?"

మంచి ప్రశ్న. పెద్దలు దీన్ని దాటవేస్తారు. ఏడాది పొడుగునా సాధన చేసి, ప్రతి ఆటకూ బూట్లు కట్టుకుని, గట్టుమీద కూచోవటం చిన్న బాధ కాదు. "ఓపిక పట్టు నాయనా" అంటే చాలదు. వాడికి ఇవ్వవలసినవి ఉన్నాయి. ఏ చోటుకు తను రెండోవాడో ముందే స్పష్టంగా చెప్పాలి. సాధనలో ఆ చోటున మొదటివాడితో సమానంగా ఆడనివ్వాలి. చిన్న జట్లతో ఆడే ఆటల్లో వాడినే ముందు దింపాలి. ఇవేవీ చేయకుండా ఫైనల్‌నాడు ఒక్కసారిగా "నువ్వు పోరా" అంటే వాడు తడబడక ఏం చేస్తాడు? తడబడ్డాడని మళ్ళీ వాడినే తిడతారు!

1960లో రోమ్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన మన జట్టు జాబితాలో సయ్యద్ షాహిద్ హకీం అనే యువకుడి పేరు ఉన్నది. అతను సాక్షాత్తూ రహీం కొడుకు. తండ్రే శిక్షకుడు. హంగేరీతో, ఫ్రాన్సుతో, పెరూతో మూడు ఆటలు జరిగాయి. ఒక్కదానిలోనూ హకీం మైదానంలోకి దిగలేదు! తండ్రి మనసులో ఏమున్నదో మనకు తెలియదు గాని, చోట్లు మాత్రం జాబితా ప్రకారమే ఇచ్చాడు. హకీం తరువాత అంతర్జాతీయ రిఫరీ అయినాడు, శిక్షకుడైనాడు, 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు పొందాడు. 2021లో చనిపోయాడు.

తల్లిదండ్రులకు ఒక మాట. ఆట ఉన్ననాడు పిల్లవాడు ఇంటికి రాగానే "నిన్ను ఆడించారా, లేదా?" అని గుమ్మంలోనే అడగకండి. ఆట ఎలా సాగిందో చెప్పనివ్వండి.

ఆ రోజుల్లో చాలా పోటీల్లో ఆట మధ్యలో మనిషిని మార్చే వీలు లేదు. ప్రపంచ కప్పులో మొదటిసారిగా 1970లోనే ఆ వీలు కల్పించారు, అదీ ఇద్దరిని మాత్రమే. 2020లో కరోనా జబ్బు వచ్చినప్పుడు అయిదుగురిని మార్చవచ్చునన్నారు. 2022లో దాన్ని నిబంధనల్లోనే చేర్చారు. ఇప్పుడు పదకొండుమందిలో దాదాపు సగంమందిని ఆట మధ్యలోనే మార్చవచ్చునన్నమాట! అందువల్ల పన్నెండో పేరు విలువ మునుపటికన్న ఇంకా పెరిగింది.

ఇందుకు మంచి ఉదాహరణ హైదరాబాద్ ఎఫ్.సి. 2019లో ఏర్పడిన ఈ క్లబ్బు మొదటి సీజనులో ఇండియన్ సూపర్ లీగులో అట్టడుగున నిలిచింది. తరువాత మనోలో మార్క్వెజ్ అనే స్పెయిన్ దేశపు శిక్షకుడు వచ్చాడు. దేశవాళీ కుర్రవాళ్ళను నమ్మి ఆడించాడు. 2022 మార్చి 20న గోవాలో ఫైనల్. కేరళ బ్లాస్టర్స్ ఒక గోలు ముందున్నారు. ఆ సీజనులో 18 గోళ్ళు కొట్టి లీగులో అందరికన్న మిన్నగా నిలిచిన ఒగ్బెచే అనే నైజీరియావాడు హైదరాబాదు జట్టులోనే ఉన్నాడు. అందరి కళ్ళూ అతనిమీదే. కాని 88వ నిమిషంలో బంతిని వలలోకి కొట్టినవాడు సాహిల్ తవోరా - ఆట మధ్యలో గట్టుమీదినుంచి దిగినవాడు! ఆట 1-1గా ముగిసి పెనాల్టీలదాకా పోయింది. గోలీ కట్టిమని మూడు పెనాల్టీలు ఆపాడు. కప్పు హైదరాబాదుకు వచ్చింది.

సరిగ్గా రెండేళ్ళకు ఏమైందో చూడండి. డబ్బు ఇబ్బందులు వచ్చాయి. జీతాలు సకాలంలో అందక ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. కొత్తవాళ్ళను చేర్చుకునే వీలు లేకపోయింది. 2023-24లో 22 ఆటలకు ఒక్కటే గెలిచి, లీగులో చివరిస్థానంలో నిలిచింది. పద్ధెనిమిది, పంతొమ్మిదేళ్ళ కుర్రవాళ్ళు, ఎదుట ఎవరున్నారో చూడకుండా పోరాడారు; వాళ్ళను ఒక్క మాట అనటానికి లేదు. చివరకు 2025లో ఆ క్లబ్బు హైదరాబాదు విడిచి, ఢిల్లీకి మారి, పేరు కూడా మార్చుకున్నది. జాబితాలో పేర్లు మాత్రమే చూసి జట్టు బలం చెప్పేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. ఆ పేర్ల వెనక నెలజీతం, భోజనం, వైద్యం ఉన్నాయో లేవో కూడా జట్టు బలంలో భాగమే.

సరే, ఇక మీ జాబితా చూద్దాం. ఒక పెద్ద కాగితం తీసుకుని మైదానం గీయండి. పదకొండు చోట్ల పదకొండు పేర్లు రాయండి. ప్రతి పేరు కిందా, అతను రాకపోతే ఎవరు ఆడతారో రెండో పేరు రాయండి. ఒకే కుర్రవాడి పేరు రెండు మూడు చోట్ల రావచ్చు, ఫరవాలేదు. కాని ఇక్కడ ఒక మోసం దాగి ఉన్నది. నాలుగు చోట్ల పేరున్నవాడు నలుగురు కాడు! ఒకేనాడు ఇద్దరు రాకపోతే అతను ఒక్కచోటే ఆడగలడు. అందుచేత ఒక పేరు కాదు, రెండేసి పేర్లు కొట్టేసి చూడండి. ఎడమ వెనకవాణ్ణీ మధ్యవాణ్ణీ కలిపి కొట్టేయండి. కుడి ముందువాణ్ణీ సెంటర్ ఫార్వర్డునూ కలిపి కొట్టేయండి. ఎక్కడ కాగితం ఖాళీ అవుతుందో అక్కడ ఇప్పటినుంచే ఒకణ్ణి తయారుచేయాలి. అందుకు కొత్తవాణ్ణి ఎక్కడినుంచో తేనక్కరలేదు. మీ తరగతిలో ఎడమచేత్తో రాసేవాడు ఉంటే ముందు వాడిచేత ఎడమకాలితో బంతి తన్నించి చూడండి.

వయసు కూడా పేరు పక్కన రాయండి. మొదటి పదకొండుమందీ పదో తరగతివాళ్ళే అయితే ఈ ఏడు కప్పు రావచ్చు. వచ్చే ఏడు బడిలో బంతి మాత్రమే మిగులుతుంది. ఎనిమిదో తరగతివాళ్ళు కనీసం ముగ్గురైనా జాబితాలో ఉండాలని నా అభిప్రాయం. డ్రిల్లు మాస్టారు ఒప్పుకోకపోవచ్చు. ఆయనతో వాదించవచ్చు గాని, మర్యాదగా వాదించండి.

గోలీ పేరు కొట్టేసి చూడటం మరిచిపోకండి. అందరికీ గోళ్ళు కొట్టాలనే ఉంటుంది గనక చాలా బళ్ళలో కాగితం అక్కడే ఖాళీగా ఉంటుంది. మా తీరంలో సాయంత్రంపూట ఇసుకలో ఆడే పిల్లలు దీనికి ఒక పద్ధతి పెట్టుకున్నారు: గోలు పడినప్పుడల్లా గోలీ మారుతాడు. నెల తిరిగేసరికి ఆ గుంపులో గోలు కాయటం తెలియనివాడు ఉండడు.